లెక్కల్లో అంకె, దఫ్తరులో పేరు

(కర్నూలు, కడప జిల్లాల జమాత్ బాధ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పూర్వికుల జాడను జనాభా లెక్కలలోనూ పెళ్లి దస్త్రాలలోనూ ఎలా వెతకాలో చెప్పమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. కుటుంబాల కాగితాలు వెతికే పనిలో తోడుగా నిలుస్తున్న కొద్దిమందిమి మేము. చరిత్ర పండితులం కాము. కచేరీల మెట్లు ఎక్కి దిగినవారిగా మాకు తెలిసినదే మీ ముందుంచుతాం.

ఈ సభలో ఉన్న మనలో ఎవరిని అడిగినా తండ్రి పేరు, తాత పేరు తడుముకోకుండా చెప్పగలం. ముత్తాత పేరు దగ్గర సగంమంది ఆగిపోతాం. ముత్తవ్వ పేరు అడిగితే దాదాపు అందరమూ మౌనం వహిస్తాం. ఈ మౌనం కేవలం కుటుంబ ముచ్చట్లకు సంబంధించినదైతే ఇంత పెద్ద సభ అవసరం లేదు. చనిపోయిన మేనత్త భాగం తేలాలంటే ఆమె ఎవరి కూతురో రుజువు కావాలి. మసీదు మాన్యం నిలవాలంటే దానిని మొదట ఎవరు పొందారో, వారి తరువాత ఎవరు అనుభవించారో చూపాలి. పిల్లవాడికి కుల ధ్రువపత్రం రావాలంటే తండ్రి కాగితం, తాత కాగితం ఒకే మాట చెప్పాలి. కువైట్‌కు వెళ్లిన కడప జిల్లా ఆడబిడ్డకు అక్కడ జరగరానిది జరిగితే, పాస్‌పోర్టులో ఉన్న పేరూ ఇంటి కాగితాల్లో ఉన్న పేరూ ఒకరివేనని నిరూపించవలసిన భారం కన్నవారి మీదే పడుతుంది.

2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు 2003 నాటి జాబితాను ఆధారంగా తీసుకున్నారు. అందులో తమ పేరు లేనివారు తల్లిదండ్రుల పేరు అందులో ఉందని చూపే వీలుండింది. దానికి తోడు తమ కాగితాలూ చూపవలసి వచ్చింది. ఈ ప్రక్రియను దేశమంతటా జరుపుతామని ఎన్నికల సంఘం అప్పుడే ప్రకటించింది. ఇక 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిగే జనాభా లెక్కల్లో, స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి, అందరి కులాలనూ నమోదు చేస్తారు. మన పెద్దల పేర్లు ఎక్కడున్నాయన్న ప్రశ్న ఇక గతానికి మాత్రమే సంబంధించినది కాదు.

జనాభా లెక్కలు చెప్పేది, చెప్పనిది

చాలామంది మా దగ్గరకు వచ్చి మొదట అడిగేది ఇదే: "1931 లెక్కల్లో మా తాత పేరు వెతికి పెట్టగలరా?" పెట్టలేం. ఎవరూ పెట్టలేరు. కారణం తెలుసుకోవడం అవసరం.

మద్రాసు రాష్ట్రంలో 1871లో వ్యవస్థితంగా జనాభా లెక్కలు తీశారు. దేశమంతటా ఒకేసారి తీసినవి 1881లో మొదలయ్యాయి. ఇంటింటికీ వెళ్లి మనిషి మనిషినీ అడిగి రాశారన్నది నిజమే. కాని ఆ రాతలనుంచి అంకెలు తీసి పట్టికలు అచ్చువేశారు; మనకు మిగిలినవి ఆ పట్టికలే. బ్రిటన్‌లో వందేళ్లు దాటిన లెక్కల కాగితాలను ప్రజల ముందు పెడతారు. 1921 నాటివి 2022లో తెరిచారు. అమెరికాలో 72 ఏళ్ల గడువు; 1950 నాటివి అదే 2022లో తెరిచారు. లండన్‌లో ఒక చెప్పులు కుట్టేవాడి మునిమనవడు 1881లో తన ముత్తాత ఏ వీధిలో, ఎవరెవరితో ఉన్నాడో చదువుకోగలడు. కర్నూలులో ఒక దూదేకుల కుటుంబానికి ఆ అవకాశం లేదు. మన 1948 జనాభా లెక్కల చట్టం 15వ సెక్షను ప్రకారం ఆ కాగితాలను చూసే హక్కు ఎవరికీ లేదు. వాటిని కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికీ వీల్లేదు. ఇది ప్రజల గోప్యత కోసం చేసిన మంచి నియమం. అందులో మనకు రక్షణ ఉంది. కాని దాని ఫలితంగా లెక్కల్లో మన పెద్దలు అంకెలుగానే మిగిలారు.

అయితే అంకెలు పనికిరానివని కాదు. 1871 లెక్కల్లో కర్నూలు జిల్లా జనాభా 9 లక్షల 14 వేలు. 1881 నాటికి అది 6 లక్షల 78 వేలకు పడిపోయింది. మధ్యలో వచ్చింది 1876–78 ధాత కరువు. జిల్లాలో నలుగురిలో ఒకరు లెక్కకు అందకుండా పోయారు; చనిపోయినవారు, ఊరు విడిచినవారు అందరూ అందులో ఉన్నారు. మీ వంశంలో ఆ కాలం దగ్గర తీగ తెగిపోయి, "మా వాళ్లు ఎక్కడి నుంచో వచ్చారు" అన్న మాట మాత్రమే మిగిలి ఉంటే, అందుకు కారణం బహుశా ఆ కరువే. లెక్కల పట్టిక మీ ముత్తాత పేరు చెప్పదు. ఆయన పేరు ఎందుకు దొరకడం లేదో చెబుతుంది.

మరొక సంగతి. 1871 మద్రాసు లెక్కలు మొదలుకొని ముస్లింలను షేక్, సయ్యద్, పఠాన్, మొగల్, లబ్బై, మాప్పిళ్ల అంటూ విడదీశారు. దూదేకుల పేరుతో పట్టికలు వేసిన సందర్భాలూ ఉన్నాయి. లెక్క తీసేవాడు అడిగినప్పుడు ఇంటి పెద్ద చెప్పిన మాటే గణాంకమైంది. ఒకే కుటుంబం ఒకప్పుడు తన వృత్తి పేరు చెప్పింది, మరొకప్పుడు గౌరవంగా వినిపించే పేరు చెప్పింది. కాబట్టి అచ్చయిన పట్టికను వంశ ప్రమాణంగా తీసుకోరాదు. అది ఆ నాటి సమాజం తనను తాను ఎలా చెప్పుకుందో తెలిపే సాక్ష్యం మాత్రమే.

ఒక పేరు, వంద మంది

లెక్కలు వదిలి ఇతర దస్త్రాలకు వచ్చేసరికి రెండో చిక్కు ఎదురవుతుంది. మన పేర్లే మనల్ని దాచేస్తాయి. రాయలసీమలో ఏ పెద్ద ఊరి జాబితా తీసినా షేక్ హుస్సేన్లు, మస్తాన్లు, దస్తగిరులు, ఖాజాలు పదుల సంఖ్యలో ఉంటారు. చుట్టుపక్కల హిందూ కుటుంబాలకు ఇంటిపేరు దారి చూపుతుంది. మనలో చాలామందికి షేక్, సయ్యద్, పఠాన్ అన్న మాటలే ఇంటిపేరు స్థానంలో కూర్చున్నాయి. అవి వేల కుటుంబాలకు ఉమ్మడి. దూదేకుల ఇళ్లలో హుస్సేనప్ప, ఖాసీమప్ప, మస్తానమ్మ వంటి పేర్లు ఉన్నాయి. కరణం వాటిని ఒకచోట ఒకలా, మరొకచోట మరొకలా రాశాడు. ఉర్దూలో ఉన్న మహబూబ్ తెలుగులో మాబు అయ్యాడు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి మరో రూపం ఎత్తాడు.

ఇందులోంచి బయటపడే మార్గం ఒకటే: ఒక్క మనిషిని వెతకవద్దు, అతని చుట్టూ ఉన్నవారితో కలిపి వెతకండి. పేరుకు ముందున్న పెద్ద, నడిపి, చిన్న అన్న మాటలను వదలకండి. అవి అన్నదమ్ముల వరసను చెబుతాయి. ముల్లా, అత్తరు, నల్బంద్, కట్టుబడి, దూదేకుల వంటి వృత్తి పేర్లను పట్టుకోండి. దస్తావేజులో చెక్కుబందీ చదవండి. తూర్పున ఎవరి పొలం, పడమర ఎవరి దొడ్డి అని రాసినచోట అన్నదమ్ములో పినతండ్రి కొడుకులో కనిపిస్తారు. సాక్షుల సంతకాలు, వేలిముద్రలు చూడండి. రెండు వేర్వేరు కాగితాల్లో అదే హుస్సేన్, అదే తండ్రి పేరు, అదే సరిహద్దు, అదే సాక్షి కలిస్తే అప్పుడు ఆయన మీ హుస్సేన్ అని నమ్మవచ్చు. పేరు ఒక్కటే కలిస్తే నమ్మవద్దు.

తేదీల విషయంలోనూ జాగ్రత్త కావాలి. రెవెన్యూ కాగితాల్లో ఉండేది ఫసలీ. దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1270 అంటే 1860–61. నికా దఫ్తర్లలో హిజ్రీ ఉంటుంది. హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి ఒకే అంకె కలిపితే సరిపోదు. హిజ్రీ 1300 మొదలైంది 1882 నవంబరులో, హిజ్రీ 1400 మొదలైంది 1979 నవంబరులో. ముసలివాళ్లు చెప్పే ధాత, ఈశ్వర వంటి తెలుగు సంవత్సరాలు 60 ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి; ధాత అంటే 1876 కావచ్చు, 1936 కావచ్చు. ఇక వయసులు 30, 40, 50 అని గుండుగుత్తగా రాసినవే ఎక్కువ. వాటిని అటూ ఇటూ పదేళ్లు సడలించి చదువుకోవాలి.

ఏ కాగితం ఏ కచేరీలో

జిల్లా ఎల్లలు మారుతూ వచ్చాయి కాబట్టి మీ ఊరు ఏ కాలంలో ఎవరి పాలనలో ఉందో ముందుగా తేల్చుకోండి. కడప ప్రాంతం 1800లో నిజాం కంపెనీకి వదిలిన దత్త మండలాల్లో భాగం. కర్నూలు 1839 దాకా నవాబుల ఏలుబడిలో ఉంది. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఆ ఏడు గద్దె దింపారు. ఆదోని, ఆలూరు 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉన్నాయి. మదనపల్లె, వాయల్పాడు 1911 దాకా కడపవే. కంభం, మార్కాపురం 1970 దాకా కర్నూలువే. బనగానపల్లె 1948 దాకా ప్రత్యేక సంస్థానం. 2022లో నంద్యాల, అన్నమయ్య జిల్లాలు విడివడ్డాయి. శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్లకైతే నేల మీద ఆనవాలే లేదు. వాటి పేర్లు దస్త్రాల్లోనే బతికి ఉన్నాయి. అలాంటి ఊరినుంచి వచ్చిన కుటుంబాలు తమ పాత ఊరి పేరును పిల్లలకు తప్పక చెప్పి పోవాలి. ఆ పేరు లేకపోతే వెతుకులాట మొదలే కాదు.

దస్త్రాల్లో మనకు అత్యంత విలువైనది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. ఆ అధికారులు ఊరూరా ఇనాంలను విచారించి, మొదట ఇనాం ఎవరికి ఇచ్చారు, ఎందుకిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వారి వయసెంత, మొదటి గ్రహీతకు ఏమవుతారు అన్నవి గళ్లు గీసి రాశారు. ఖాజీ సేవ, మసీదు దీపధూపాలు, పీర్ల చావిడి, ఫకీరు తకియా, కట్టుబడి మాన్యం ఏదైనా మీ వంశంలో ఉండి ఉంటే, 1860 ప్రాంతంలో జీవించిన మీ పెద్ద పేరు, వయసు, తండ్రి పేరు అందులో దొరకవచ్చు. తరువాత 1956 ఇనాంల రద్దు చట్టం కింద జరిగిన విచారణల కాగితాలు, వక్ఫ్ సర్వే గెజిట్లు ఆ తీగను మన కాలం దాకా తెస్తాయి. ఇనాం రిజిస్టరు నకలు కుటుంబానికి వంశవృక్షం, జమాత్‌కు వక్ఫ్ రుజువు. ఒకే కాగితం రెండు పనులు చేస్తుంది.

భూమి, మాన్యం లేనివారి సంగతి ఏమిటి? మనలో ఎక్కువమంది వారే. వారికి సబ్ రిజిస్ట్రార్ కచేరీలో ఇంటి తాకట్టు పత్రమో, మహర్ కింద భార్యకు రాసిచ్చిన దస్తావేజో దొరకవచ్చు. అక్కడ పేర్ల వరుసతో ఒక సూచిక, ఆస్తుల వరుసతో మరో సూచిక ఉంటాయి. బడిలో చేర్చుకున్న రిజిస్టరు ఉంది. అందులో తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం కనిపిస్తాయి. పాత ఓటర్ల జాబితా ఉంది. ఒకే ఇంటి నంబరు కింద మూడు తరాలు కనిపిస్తాయి. ఊరి జనన మరణాల రిజిస్టర్లు ఉన్నాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు చేతులు మారిన ఆ పుస్తకాల్లో తాలూకా కచేరీకి చేరినవి ఏవి, చేరనివి ఏవి అన్నది ఊరూరికీ విడిగా విచారించుకోవాలి.

ఊరు విడిచి సముద్రం దాటినవారి పేర్లు మాత్రం శ్రద్ధగా రాశారు. మద్రాసు రేవు నుంచి 1860 మొదలుకొని నేటాల్‌కు, 1903 నుంచి ఫిజీకి కూలీలను పంపినప్పుడు ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు నమోదు చేశారు. తోట యజమానికి మనిషి జవాబుదారీ కావాలి కాబట్టి పేరు కావలసి వచ్చింది. ఇంటి దగ్గరే ఉండిపోయిన అన్న లెక్కల్లో అంకెగా మిగిలాడు. ఓడ ఎక్కిన తమ్ముడు పేరుగా మిగిలాడు. మనిషి పేరును దస్త్రంలో నిలిపేది అతని గొప్పతనం కాదు, రాసేవాడి అవసరం. మన పేర్లు మనకే అవసరమని గుర్తించి మనమే రాసుకున్న దస్త్రం ఒక్కటుంది. ఇప్పుడు దాని దగ్గరకు వస్తున్నాం.

నికా దఫ్తరు

భూమి కాగితంలో స్త్రీ "ఫలానా వారి భార్య". ఓటర్ల జాబితాలో ఫలానా వారి భార్య లేదా కూతురు. రేషను కార్డులో ఇంటి యజమాని పేరు కింద ఒక వరుస. సమాధి మీద చాలామందికి రాయే లేదు. కాని నికా దఫ్తరులో వధువు తన పేరుతో ఉంటుంది. ఆమె తండ్రి పేరు ఉంటుంది. ఆమె తరఫు వకీలు ఎవరో, సాక్షులు ఎవరో ఉంటారు. ఆమెకు రావలసిన మహర్ ఎంతో ఉంటుంది. ఆమె సమ్మతి లేకుండా ఆ పుటకే అర్థం లేదు. పూట గడవని ఇంటి ఆడబిడ్డ కూడా తన జీవితంలో ఒక్కసారి, ఆ ఒక్క పుట మీద, హక్కుదారుగా నమోదైంది. మన ముత్తవ్వల పేర్లు ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడే మిగిలాయి.

వకీలు సాధారణంగా పిల్ల మేనమామో, పినతండ్రో, పెద్దన్నో అయి ఉంటాడు. కాబట్టి ఒక్క నికా పుటలో ఆరేడుగురి పేర్లు, రెండు ఊళ్లు, రెండు వంశాలు కలుస్తాయి. పేర్లు ఒకటే కావడం వల్ల వచ్చే చిక్కు విడిపోయేది ఇక్కడే. ఇద్దరు షేక్ హుస్సేన్లలో బావమరిది ఎవరో తేలితే మన హుస్సేన్ ఎవరో తేలిపోతాడు.

మరి ఇంత విలువైన దఫ్తర్లు ఎక్కడున్నాయి? ఎక్కువ భాగం ఖాజీల ఇళ్లలో, చెక్క పెట్టెల్లో, అటకల మీద ఉన్నాయి. దీనికి ఒక చరిత్ర ఉంది. 1864లో ప్రభుత్వం ఖాజీల నియామకం నుంచి తప్పుకుంది. దానివల్ల వచ్చిన ఇబ్బందులు చూసి 1880లో ఖాజీల చట్టం తెచ్చింది. ఆ చట్టం మొదట అమలైంది మన మద్రాసు రాష్ట్రంలోనే. కాని అందులో ఉన్నవి నాలుగే సెక్షన్లు. ముస్లింలు కోరితే ప్రభుత్వం ఖాజీని నియమించవచ్చు, ఖాజీకి నాయబులు ఉండవచ్చు, ఖాజీ లేకపోయినా నికా చెల్లుతుంది, ఖాజీకి న్యాయాధికారం ఏమీ లేదు. అంతే. దఫ్తరు ఎలా రాయాలి, ఎక్కడ ఉంచాలి, ఖాజీ చనిపోతే ఎవరికి అప్పగించాలి అన్నదాని మీద ఒక్క మాట లేదు. బెంగాల్‌లో 1876లోనే ముస్లిం వివాహాల నమోదుకు వేరే చట్టం చేసి, పుస్తకాలకు, సూచికలకు, నకళ్లకు పద్ధతి ఏర్పరిచారు. మన దగ్గర అదంతా ఖాజీ సాహెబు మంచితనానికి వదిలేశారు. తరతరాలుగా, జీతం లేకుండా, ఆ పుస్తకాలను కాపాడిన ఖాజీ కుటుంబాలకు ఈ సభ కృతజ్ఞతలు చెప్పాలి. ఎవరి బాధ్యతా కానిది చెదలకు దొరుకుతుందన్నదీ అంతే నిజం.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచాయి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డు పల్లెలు కొట్టుకుపోయాయి. అలాంటి రాత్రి మనిషి పిల్లలను ఎత్తుకుంటాడు, పెట్టెను కాదు. ఒకే ఒక్క ప్రతి ఉన్న దఫ్తరు నీటిలో పోతే, దానితో వందల మంది తల్లుల పేర్లు రెండోసారి చనిపోతాయి.

ఇందులో చట్టపరమైన విషయమూ ఉంది. 30 ఏళ్లు దాటిన పత్రం, ఉండవలసిన చోటునుంచి, ఉండవలసిన వ్యక్తి అధీనం నుంచి వస్తే, దాని మీది రాతను, సంతకాలను కోర్టు సహజమైనవిగా భావించవచ్చునని పాత సాక్ష్య చట్టం 90వ సెక్షను చెప్పింది. 2024 జూలై నుంచి అమలైన కొత్త చట్టంలో అదే 92వ సెక్షనుగా ఉంది. వరుసగా పుటల అంకెలతో, ఖాజీ దగ్గర భద్రంగా ఉన్న దఫ్తరుకు ఆ బలం ఉంటుంది. పుటలు చింపి ఎవరి పుట వారికి పంచిపెట్టిన దఫ్తరుకు ఆ బలం ఉండదు. మీ పుట మీకు కావాలంటే నకలు తీసుకోండి. అసలు పుస్తకాన్ని కదిలించవద్దు.

రెండు హెచ్చరికలు

మొదటిది. వంశం వెతకడం గొప్పలకు పోవడానికి కాదు. అరబ్బు దేశం దాకా గీసిన షజ్రాలు కొన్ని ఇళ్లలో గోడకు వేలాడుతున్నాయి. వాటిలో నిజమైనవి ఉండవచ్చు. కాని కాగితం చూపనిదాన్ని మనం రాయకూడదు. మేము చూసినంతలో కాగితాల్లో కనిపించే మన పెద్దలు దూది ఏకినవారు, గుర్రాలకు లాడాలు కొట్టినవారు, అత్తరు అమ్మినవారు, మాంసం కోసినవారు, మెట్ట పొలాల్లో కూలి చేసినవారు. ఈ నేల మీద ఇన్ని తరాలు చెమటోడ్చారని చూపే ఆ కాగితాలకు మించిన గౌరవం ఏముంది? మనుషులను తెగలుగా చేసింది ఒకరినొకరు గుర్తించడానికేనని, గౌరవం దైవభీతిని బట్టే ఉంటుందని ఖుర్‌ఆన్ మనకు బోధిస్తుంది.

దీనికి నేటి రూపం కుల ధ్రువపత్రం. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా వారు బీసీ–బి లో ఉన్నారు. 2007 చట్టం షేక్‌లతో పాటు అనేక వృత్తి సమూహాలను బీసీ–ఇ లో చేర్చి 4 శాతం రిజర్వేషను ఇచ్చింది. సయ్యద్, పఠాన్, మొగల్ మొదలైనవారిని మినహాయించింది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల మీద అది నడుస్తోంది. ఇలాంటి సున్నితమైన స్థితిలో తాత కాగితంలో ఉన్నది ఒకటి, మనవడి దరఖాస్తులో ఉన్నది మరొకటి అయితే నష్టపోయేది ఆ పిల్లవాడొక్కడే కాదు. ఒక్క తప్పుడు పత్రాన్ని చూపించి మొత్తం హక్కునే ప్రశ్నించేవారు సిద్ధంగా ఉన్నారు. 2027లో లెక్కలు తీసేవారు మీ గడపకు వచ్చినప్పుడు ఉన్నదే చెప్పండి. అన్నదమ్ములందరూ ముందే మాట్లాడుకుని ఒకే మాట చెప్పండి.

రెండో హెచ్చరిక గోప్యత గురించి. "పేర్లన్నీ పోగుచేసి జాబితా తయారు చేస్తే రేపు అది ఎవరి చేతిలో పడుతుందో" అని కొందరు పెద్దలు మాతో ఆందోళన వ్యక్తం చేశారు. అది కొట్టిపారేయవలసిన మాట కాదు. దఫ్తర్లలో తలాఖులు, ఖులాలు, రెండో పెళ్లిళ్లు ఉంటాయి. బతికి ఉన్నవారి గాయాలు ఉంటాయి. కాబట్టి మేము కోరుతున్నది బహిరంగ జాబితా కాదు. నకలు జమాత్ దగ్గర తాళంలో ఉండాలి. ఎవరి పుట వారి కుటుంబానికే చూపాలి. ఎవరూ వాటిని ఫోన్ల ద్వారా పంచరాదు. కాగితం లేని పౌరుడు పౌరుడు కాకుండా పోడు. పేదవాడి దగ్గర రుజువు లేకపోవడం అతని నేరం కాదు. ఈ మాటను ప్రభుత్వానికి గట్టిగా చెప్పే పని ఒకవైపు సాగాలి. ఉన్న కాగితాన్ని కాపాడుకునే పని మరోవైపు సాగాలి. ఒకటి చేస్తే రెండోది అక్కరలేదని అనుకోరాదు.

చేయవలసిన పనులు

ఇంటి నుంచే మొదలుపెట్టండి. ఈ వారంలోనే ఇంట్లో అందరికన్నా పెద్దావిడ పక్కన కూర్చోండి. జాగ్‌నే కీ రాత్ నాడు ఫాతిహా ఇచ్చే ఇళ్లలో ఎవరెవరి పేర్లు తలుచుకుంటారో ఆమెకు కంఠస్థం. ఆ వరసే మీ మొదటి వంశపత్రం. ఆమె పుట్టిల్లు, ఆమె తల్లి పుట్టిల్లు అడిగి రాసుకోండి. పెట్టెలో ఉన్న నికానామా, పట్టా, బడి సర్టిఫికెట్లకు ఫొటోలు తీయండి.

జమాత్ చేయవలసినది రెండో పని. ప్రతి మహల్లాలో ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు ఖాజీ సాహెబు సమక్షంలో, ఆయన ఇంట్లోనే, దఫ్తర్లను పుట పుటా ఫొటో తీసి రెండు చోట్ల భద్రపరచాలి. పాత పుటలు ఫారసీ కలిసిన ఉర్దూలో, గొలుసు రాతలో ఉన్నాయి. వాటిని చదవగలవారు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో స్థాపించిన ఉస్మానియా కళాశాల, ఆయన పేరిట 2016లో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయం రెండూ కర్నూలులోనే ఉన్నాయి. అక్కడి ఉర్దూ విద్యార్థులకు ఇంతకన్నా ఉపయోగకరమైన పాఠం ఏముంటుంది? జమాత్ పెద్దలు వెళ్లి అధ్యాపకులను అడగాలి.

ఇకపై జరిగే ప్రతి నికాలో వరుడి తల్లి పేరు, వధువు తల్లి పేరు, ఇద్దరి తాతల పేర్లు, స్వగ్రామం, హిజ్రీతో పాటు ఇంగ్లీషు తేదీ తప్పనిసరిగా రాయించాలి. పేర్లు ఆధార్‌లో, బడి సర్టిఫికెట్లో ఉన్నట్లే ఉండాలి. 2002 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం పెళ్లిని ప్రభుత్వం దగ్గర కూడా నమోదు చేయించాలి. నికానామా ఉందిగా అని అది మానేయకండి. ఇచ్చిపుచ్చుకునే అప్పునే సాక్షులను పెట్టి రాసుకోమన్న ధర్మం మనది. జీవితకాలపు ఒప్పందాన్ని అరకొరగా రాయడం మనకు తగదు.

ప్రభుత్వాన్ని అడగవలసినవి మూడు ఉన్నాయి. ఖాజీ మరణించినప్పుడు దఫ్తరు ఎవరి అధీనంలోకి వెళ్లాలో స్పష్టమైన నియమం చేయాలి. ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకళ్లు మండల స్థాయిలోనే, అడిగినవారికి సులువుగా ఇవ్వాలి. జిల్లాలు విడిపోయినప్పుడు ఏ దస్త్రం ఏ కచేరీలో ఉందో తెలిపే పట్టికను ప్రకటించాలి. ఈ మూడింటితో కూడిన వినతిపత్రాన్ని ఈ సభ తీర్మానంగా ఆమోదించి రెండు పాత జిల్లాల కలెక్టర్లకు, వాటినుంచి విడివడిన జిల్లాల కలెక్టర్లకు పంపాలని ప్రతిపాదిస్తున్నాం.

2011 లెక్కల ప్రకారం ఈ రెండు జిల్లాల్లో సుమారు ఆరుగురిలో ఒకరు ముస్లిం. ఆ లెక్క తీసినవారు మనల్ని అంకెగా రాసుకున్నారు. వారి పని అది. మన ముత్తవ్వలను పేరుతో రాసుకున్నవారు మన ఖాజీలు. వచ్చే శుక్రవారం జుమా నమాజు తరువాత, మీ మసీదు ఖాజీ సాహెబును కలిసి, "మీ దగ్గర ఎన్ని దఫ్తర్లు ఉన్నాయి, ఏ సంవత్సరం నుంచి ఉన్నాయి?" అని అడగండి. ఆయన జవాబును రాసుకుని మాకు చెప్పండి. రెండు జిల్లాల్లో ఏ ఊరి దఫ్తరు ఎక్కడుందో తెలిపే మొదటి జాబితా ఆ జవాబులతోనే తయారవుతుంది.

మన పెద్దలను అల్లాహ్ కరుణించుగాక. వారి అమానతును కాపాడే శక్తిని మనకు ప్రసాదించుగాక. వస్సలాము అలైకుమ్.